గుండె లోపలి కళాయి

వంట ముగించి, పిల్లల్ని బడికీ మగవాళ్ళని ఆఫీసులకీ పంపి, కాస్త నడుం వాల్చుకునే వేళ ఇది. ఇప్పుడు గుండెజబ్బుల కబుర్లేమిటమ్మా అని విసుక్కోకండి. నేను డాక్టర్ని కాను. పదో తరగతితో పుస్తకాలు మూసేసి పెళ్ళి పీటలెక్కినదాన్ని. నాకు బాగా తెలిసింది వంటిల్లు. అంచేత వంటింట్లోంచే మొదలుపెడతాను.

మా చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి ఏడాదికి రెండుసార్లు కళాయివాడు వచ్చేవాడు. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. ఇత్తడి గిన్నె బాగా కాలాక నవాసారం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క అలా ఆనించి, పాతగుడ్డతో గిర్రున ఒక్క తిప్పు తిప్పేసరికి గిన్నె లోపలంతా వెండిలా మెరిసిపోయేది. మా అమ్మమ్మ ఒక్కో గిన్నే ఎండలోకి పట్టుకెళ్ళి, లోపల ఎక్కడైనా పసుపు కనిపిస్తుందేమోనని వేలుపెట్టి చూసేది. ఒకసారి మా పిన్ని చూసుకోకుండా కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు కాచిందని, ఆ పులుసంతా పెరట్లో పారబోయించి, సాయంత్రం దాకా సణిగింది.

గిన్నె ఇత్తడిదే. బరువూ బలమూ ఇత్తడివే. కానీ పులుసుకి తగిలేది ఆ పైనున్న పల్చటి తగరం పొర. పులుసు చెడటం, చెడకపోవటం ఆ పొరని బట్టి ఉంటుంది. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దీనిమీదే నడుస్తుంది.

కాల్లో ముల్లు విరిగిందనుకోండి. ఏమవుతుంది? రెండు రోజుల్లో చుట్టూ ఎర్రబడి, వాచి, చీము పట్టి, దాన్ని బయటికి నెట్టెయ్యాలని ఒళ్ళు తంటాలు పడుతుంది. పరాయి వస్తువు ఏది లోపలికొచ్చినా శరీరం ఊరుకోదు. మరి డాక్టర్లు తుంటిలో లోహపు కీలు పెడుతున్నారు, దవడలో మర బిగించి పన్ను నిలబెడుతున్నారు, గుండె రక్తనాళంలో స్టెంటు అనే లోహపు జాలీ పెడుతున్నారు. వీటిని ఒళ్ళు ఎలా సహిస్తోంది? ఒక కారణం లోహాన్ని ఏరి ఎంచుకోవటం. రెండోది, దాని పైపొరని శరీరానికి నచ్చేలా తయారుచేయటం.

పంటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1950లలో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు, ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని కుందేళ్ళ కాళ్ళ ఎముకల్లో టైటానియం లోహంతో చేసిన చిన్న పరికరాలు అమర్చాడు. పని అయ్యాక ఖరీదైన పరికరం కదా, తీసి మళ్ళీ వాడుకుందామని చూస్తే ఊడి రాలేదు. ఎముక వాటికి అతుక్కుపోయింది. టైటానియానికి గాలి తగిలితే చాలు, దానంతటదే పైన ఒక సన్నటి పొర కట్టుకుంటుంది. ఎవరూ వెయ్యని కళాయి అన్నమాట. ఆ పొరని ఎముక పరాయిదని తోసెయ్యదు. 1965లో ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి పళ్ళు నిలబెట్టాడు. తరువాత తరువాత ఆ మరల పైభాగాన్ని కావాలనే గరుకు చేయటం మొదలుపెట్టారు. మేస్త్రీలు పాతగోడకి కొత్త పూత పూసేముందు ఉలితో గంట్లు కొడతారు చూడండి, నున్నటి గోడకి సిమెంటు పట్టదని. ఎముకదీ అదే పద్ధతి. కొన్ని తుంటి కీళ్ళకైతే మన ఎముకలో ఉండే ఖనిజంలాంటిదాన్నే పైన పూతగా పూస్తారు. తనలాంటిదే కదాని ఎముక దగ్గరికి చేరుతుంది.

ఇక స్టెంటు. నేను ఇవాళ మైకు ముందుకి వచ్చింది దీని కోసమే. ఎందుకంటే తుంటికీలుకీ పంటిమరకీ పూత పూశాక, గాయం మానాక, మనం ఇంట్లో రోజూ చేయాల్సిన పనంటూ పెద్దగా ఉండదు. స్టెంటు పూత అలాంటిది కాదు. ఇంట్లోవాళ్ళు తోడు నిలబడితేనే అది నెగ్గుతుంది. ఈ సంగతి తెలియకపోవటం వల్ల మా నాన్నగారికి ఏం జరిగిందో చెబుతాను.

2005 ఆగస్టులో నాన్నగారికి గుండెపోటు వచ్చింది. అప్పటికాయనకి 61 ఏళ్ళు. తెనాలినుంచి హుటాహుటిన పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను బెజవాడనుంచి పరిగెత్తాను. పరీక్ష చేసి, ఒక రక్తనాళం పూడుకుపోయింది, స్టెంటు వెయ్యాలన్నారు. అప్పుడొక అబ్బాయి కాగితాలు పట్టుకొచ్చి, “మందు పూత ఉన్నది వేయమంటారా, లేనిది వేయమంటారా?” అని అడిగాడు. పూత ఉన్నదానికి ధర చాలా ఎక్కువ చెప్పాడు. అమ్మ నా మొహం చూసింది, నేను మా చిన్నమామయ్య మొహం చూశాను. ఎక్కువ ధరైతే ఎక్కువ మంచిదే అయ్యుంటుందని మామయ్య సంతకం పెట్టేశాడు. అమ్మ చేతి గాజులు రెండు ఆ సాయంత్రమే బ్యాంకుకి వెళ్ళాయి. అంత ఖరీదుపెట్టి కొన్న ఆ పూత ఏమిటి, ఏం చేస్తుంది, మననుంచి ఏం కోరుతుంది అని మాలో ఒక్కరం అడగలేదు. బజార్లో నాలుగొందల చీర కొన్నా రంగు పోతుందా, గంజి పెట్టాలా అని అడిగేవాళ్ళం కదా!

ఆ అడగని ప్రశ్నలకి జవాబులు నేను తరువాత చాలా ఏళ్ళమీద, ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ముందు వాటిని చెప్పి, ఆ తరువాత నాన్నగారి సంగతికి వస్తాను.

1977లో జ్యూరిక్ నగరంలో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు, మూసుకుపోయిన గుండె రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, దాని చివరనున్న చిన్న బుడగని ఉబ్బించి దారి తెరిచాడు. ఛాతీ కోయకుండా చేసిన ఈ పని చూసి లోకమంతా ముక్కున వేలేసుకుంది. తొలి రోజుల్లో ఆ బుడగ గొట్టాలని ఆయన తన ఇంట్లో వంటింటి బల్లమీదే తయారుచేసుకునేవాడట. వాళ్ళావిడ ఎంత ఓర్పుగలదో! అయితే ఒక చిక్కు వచ్చింది. బుడగతో తెరిచిన నాళాల్లో నూటికి 30, 40 కొద్ది నెలల్లోనే మళ్ళీ ఇరుకైపోయేవి. సరే, గోడ కుంగకుండా ఊత పెడదామని 1986లో ఫ్రాన్స్‌లోనూ స్విట్జర్లాండ్‌లోనూ మొదటిసారి మనుషులకి లోహపు స్టెంట్లు వేశారు. ఇంచుమించు బాల్‌పెన్ను రీఫిల్ అంత లావుండే జాలీ గొట్టం అది. తీగ మందం మాత్రం, ఈనాటి వాటిలో, తల వెంట్రుకంత.

మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజుగారూ, క్షిపణులు చేసిన అబ్దుల్ కలాంగారూ కలిసి 1990లలో తక్కువ ధరకి మన దేశంలోనే ఒక స్టెంటు తయారుచేయించారు. కలాం-రాజు స్టెంటని దానికి పేరు. అప్పటికింకా మందు పూతలు రాలేదు.

ఊత పెట్టినా చిక్కు పూర్తిగా తీరలేదు. నూటికి 20, 30 మందికి మళ్ళీ పూడుకునేది. ఎందుకూ అంటే, బుడగ ఉబ్బినప్పుడు నాళం లోపలిగోడ ఒరుసుకుపోతుంది. గాయమైనచోట ఒళ్ళు కొత్త కండ పెంచుతుంది. కొంతమందికి చెవి కుట్టినచోట కండ గుండ్రంగా లేస్తుంది చూడండి, అలా అవసరానికి మించి పెరిగిందంటే ఆ కండ జాలీ సందుల్లోంచి లోపలికి వచ్చి దారి మూసేస్తుంది. అందుకని జాలీ తీగలకి పల్చగా ఒక పూత పూసి, ఆ పూతలో కండ పెరుగుదలని అదుపుచేసే మందు కలిపారు. మందు కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా ఊరి, ఆ ఒక్కచోటే పనిచేస్తుంది. ఒళ్ళంతటికీ మందు పట్టించే పని తప్పింది.

మొదట పూసిన మందు పేరు సిరోలిమస్. దాని పుట్టుక కథ వింటే ఆశ్చర్యపోతారు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఈస్టర్ ద్వీపం అని ఒకటుంది. అక్కడివాళ్ళ మాటలో రాపా నుయి. 1964లో కెనడానుంచి ఒక వైద్యబృందం ఆ దీవికి వెళ్ళి, మిగతా వాటితోపాటు మట్టి కూడా మూటకట్టి తెచ్చింది. మాంట్రియల్‌లోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో సురేంద్రనాథ్ సెహగల్ అనే ఆయన, ఆ మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవినుంచి ఈ పదార్థాన్ని వేరుచేశారు. ఈయన మనవాడే. అప్పటి పంజాబులో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివినవాడు. దీవి పేరుమీద దానికి రాపామైసిన్ అని పేరుపెట్టారు. కొన్నేళ్ళకి కంపెనీవారు ఆ పని మానేసి, ప్రయోగశాల మూసేశారు. సెహగల్‌గారికి మనసొప్పలేదు. ఆ సూక్ష్మజీవి ఉన్న చిన్నసీసాల్ని ఇంటికి తెచ్చి, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం పక్కన పెట్టి, “తినకండి” అని రాసి ఉంచారు. ఏళ్ళతరబడి వంటింటి ఫ్రీజర్‌లో అలాగే ఉంది. మన ఇళ్ళల్లో ఐస్‌క్రీం డబ్బా తెరిస్తే కొబ్బరికోరు కనిపిస్తుంది, వాళ్ళింట్లో ఇది. తరువాత కంపెనీ యాజమాన్యం మారాక ఆయన మళ్ళీ పట్టుబట్టి పని మొదలుపెట్టించారు. 1999లో మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాళ్ళ కోసం అమెరికాలో ఆ మందుకి అనుమతి వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే బ్రెజిల్‌లోని సావో పాలోలో సౌసా అనే డాక్టరు, ఈ మందు పూసిన స్టెంట్లని మొదటిసారి మనుషులకి వేశారు.

2002లో 238 మంది రోగులతో చేసిన పరిశోధన ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలల తరువాత చూస్తే, పూత లేని స్టెంటు వేసినవాళ్ళలో నూటికి 26 మందికి పైగా నాళం మళ్ళీ ఇరుకైంది. పూత ఉన్నవాళ్ళలో ఒక్కరికి కూడా కాలేదు! డాక్టర్లు పొంగిపోయారంటే పొంగిపోరూ మరి. సెహగల్‌గారు 2003 జనవరిలో కన్నుమూశారు. ఆ ఏప్రిల్‌లోనే అమెరికాలో ఈ స్టెంటుకి అనుమతి వచ్చింది.

ఇక్కడ ఉంది అసలు కిటుకు. నాళం లోపలివైపు, మన పెదవి లోపలి పొరలాగా నున్నటి సన్నపొర ఒకటి ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం రక్తం ఎక్కడా అంటుకోకుండా జారిపోతుంది. స్టెంటు వేశాక ఈ పొర మెల్లమెల్లగా పాకి, లోహపు తీగల్ని కప్పేయాలి. కప్పేసిందంటే స్టెంటు గోడలో కలిసిపోయినట్టే, రక్తానికి లోహం తగలదు. పూతలోని మందు కండ పెరుగుదలని ఆపుతుంది కదా, అదే ఊపున ఈ మంచిపొర పాకటాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. పైరులో కలుపుకని మందుకొడితే పైరు కూడా కాస్త కుంగినట్టు. పొర కప్పేదాకా అక్కడ రక్తానికి పరాయి వస్తువు తగులుతూనే ఉంటుంది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించే చిన్న కణాలున్నాయే, అవి అక్కడ పోగై గడ్డ కట్టేశాయంటే నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. మెల్లగా ఇరుకవటం వేరు, ఇలా ఉన్నట్టుండి మూసుకుపోవటం వేరు. ప్రాణాలు పోయేది ఈ రెండోదానితోనే.

ఆ గడ్డ కట్టకుండా కాపలా కాసేవే డాక్టరు రాసిచ్చే రెండు బిళ్ళలు. ఒకటి ఆస్పిరిన్. రెండోది చాలామందికి క్లోపిడోగ్రెల్, కొందరికి అదే కోవలోని మరొకటి. ఆ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఇవి చూస్తాయి. పూత తన పని లోపల చేస్తుంటే, బిళ్ళలు తమ పని రక్తంలో చేస్తాయి. ఒకటుంటే రెండోది ఉండి తీరాలి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఇంటికి పంపేటప్పుడు కాగితం ఇచ్చారు. ఏడాది దాకా రెండు బిళ్ళలూ ఆపవద్దని అందులో ఉంది. ఇంగ్లీషులో, ఆరో వరసలో ఉంది. నాన్నగారు చదివి, నాలుగు మడతలు పెట్టి, బీరువాలో దాచారు. ఆరు నెలలు గడిచాయి. మనిషి తేరుకున్నారు. పొద్దున్నే పాలకి వెళ్ళటం, సాయంత్రం రామాలయం అరుగుమీద కబుర్లు. 2006 ఫిబ్రవరిలో దవడపన్ను సలుపు మొదలయింది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగారట. అవునన్నారు ఈయన. అయితే వారం రోజులు ఆపి రండి, లేకపోతే రక్తం ఆగదు అన్నారట. గుండెలో స్టెంటు ఉందని ఈయన చెప్పలేదు, ఎందుకు వాడుతున్నారని అవతలివాళ్ళూ అడగలేదు. ఇంటికొచ్చి రెండు బిళ్ళలూ ఆపేశారు. అమ్మకి చెప్పలేదు. చెబితే మాత్రం అమ్మ ఏమనేది? పోనీలెండి, వారమేగా, ఒంటికి కాస్త వేడి తగ్గుతుంది అనేది. నేనున్నా అదే మాట అనేదాన్ని.

ఆరో రోజు తెల్లవారుజామున నాలుగింటికి అమ్మని లేపి, ఛాతీలో బండ పెట్టినట్టుంది అన్నారు. అదే ఆసుపత్రి, అదే మంచం వరస. స్టెంటులో గడ్డ కట్టింది. తీసేశారు, బతికారు. కానీ దారిలో రెండు గంటలు గడిచిపోయాయి కదా, గుండె కండలో కొంత శాశ్వతంగా దెబ్బతింది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు ఉన్నారు. మేడమెట్లు ఎక్కలేదు. రామాలయం దాకా నడవలేక, ఇంటి అరుగుమీదే కూర్చునేవారు. మా ఇంటికొస్తే కింద వాటాలో పక్కింటివాళ్ళ గది అడిగి పడుకోబెట్టేదాన్ని. అమ్మ మాత్రం ఆ వారం రోజులూ తను రోజూ కాఫీ ఇస్తూ కూడా బిళ్ళల అట్ట వైపు చూడలేదే అని, ఆయన పోయాక కూడా తలచుకునేది. అమ్మ తప్పేముంది అందులో? ఆవిడకి ఆ అట్ట ఏమిటో ఎవరు చెప్పారు గనక!

ఆ ఏడాదే, 2006 సెప్టెంబరులో, బార్సిలోనాలో జరిగిన యూరప్ గుండె డాక్టర్ల మహాసభలో ఇదే విషయం మీద పెద్ద దుమారం లేచింది. పూత ఉన్న స్టెంట్లలో చాలా నెలల తరువాత కూడా గడ్డలు కడుతున్నాయని, ఎన్నాళ్ళు బిళ్ళలు వాడాలో తేల్చాలని వాదించుకున్నారు. 2007లో అమెరికాలోని గుండె డాక్టర్ల సంఘాలు, దంతవైద్యుల సంఘంతో కలిసి ఒక హెచ్చరిక చేశాయి: స్టెంటు ఉన్నవాళ్ళకి గుండె డాక్టరుని అడగకుండా ఎవరూ ఈ బిళ్ళలు ఆపించకూడదు అని. పళ్ళకి సంబంధించిన పనులు చాలావరకు బిళ్ళలు ఆపకుండానే చేయవచ్చనీ, దూది అదిమిపెట్టటంలాంటి ఉపాయాలతో రక్తం ఆపవచ్చనీ చెప్పాయి. మా ఇంటికి ఏడాది ఆలస్యంగా వచ్చిన కబురు అది.

అప్పటినుంచి పూతలు కూడా మారాయి. తీగ మందం సగానికి సగం తగ్గింది. మందుని పట్టి ఉంచే జిగురు కొన్నిటిలో కొన్ని నెలలకి కరిగి మాయమైపోతుంది. పొర తొందరగా కప్పుతోంది. అంచేత బిళ్ళల గడువు కూడా ఇప్పుడు అందరికీ ఒక్కలాగా లేదు. గుండెపోటు వచ్చి వేయించుకున్నవాళ్ళకి సాధారణంగా ఏడాది, పోటు రాకుండా వేయించుకున్నవాళ్ళకి ఆరు నెలలు, రక్తస్రావం భయం ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ. పక్కింటాయనకి ఆరు నెలలకే ఒక బిళ్ళ ఆపేశారట, మీకెందుకు ఆపలేదు అని అడిగేవాళ్ళు ఉంటారు. మీ గడువు మీ డాక్టరు చెప్పిందే. గడువు తీరాక కూడా సాధారణంగా ఒక బిళ్ళ ఉంటుంది, అది జీవితాంతం.

ధర సంగతి కూడా చెప్పాలి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్టెంట్లకి గరిష్ఠ ధర కట్టింది. మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600 రూపాయలు, లేనిదానికి 7,260. తరువాత ఆ అంకెలు సవరిస్తూ వస్తున్నారు. ఆ మాట విన్నరోజు నాకు అమ్మ గాజులు గుర్తొచ్చాయి.

నిరుడు శ్రావణమాసంలో మావారు మెట్లెక్కుతుంటే ఛాతీలో బిగబట్టినట్టుందన్నారు. వరలక్ష్మీవ్రతం సామాను సగంలో వదిలేసి ఆసుపత్రికి వెళ్ళాం. ఒక నాళంలో అడ్డు ఉందన్నారు, స్టెంటు వేయాలన్నారు. ఈసారి నేను సంతకం పెట్టేముందు అడిగాను. పూత ఉన్నదేనాండీ? రెండు బిళ్ళలూ ఎన్నాళ్ళు? మావారికి హెర్నియా ఉంది, ఆపరేషను రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నాం, మరి దాని మాటేమిటి? మూడో ప్రశ్నకి డాక్టరుగారు తలెత్తి చూశారు. మంచిపని చేశారు, ఇది ముందే చెప్పాల్సిన విషయం అన్నారు. దగ్గర్లో ఏదైనా ఆపరేషను తప్పనిసరైతే ఏ స్టెంటు వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నది మారవచ్చట. హెర్నియాకి తొందరలేదు గనక, బిళ్ళల గడువు అయ్యాక చేయించుకుందామన్నారు. “ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?” అని అడిగారు. మా నాన్నగారండీ అన్నాను.

ఇంటికొచ్చాక నేను చేసిన ఏర్పాట్లు చెబుతాను, నచ్చితే మీరూ చేసుకోండి. ఆసుపత్రివాళ్ళు స్టెంటు వివరాల కార్డు ఇస్తారు. దానికి నకళ్ళు తీయించి ఒకటి మావారి పర్సులో, ఒకటి నా సంచిలో పెట్టాను. స్టెంటు వేసిన తేదీ, రెండు బిళ్ళల పేర్లు, డాక్టరుగారి ఫోను నంబరు, “అడగకుండా ఆపరాదు” అన్న మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, బీరువా తలుపుకి లోపల కాకుండా బయటే అంటించాను. చూడటానికి బాగాలేదని మా అమ్మాయి అంది. బాగుండక్కర్లేదు. అట్టలో పది బిళ్ళలు మిగలగానే కొత్తది కొనేస్తాను. ఊరెళ్ళేటప్పుడు ఉండే రోజులకంటే పది రోజులకి ఎక్కువ తీసుకెళతాం. పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో “రేపు వేసుకుందాంలే” అనే మాట వస్తుంది చూడండి, దానితోనే నాకు భయం.

ఈ బిళ్ళలు వాడుతుంటే చర్మం కమిలినట్టు నల్లమచ్చలు పడవచ్చు, పళ్ళు తోముకుంటే రక్తం కనిపించవచ్చు. అది చూసి మీరే బిళ్ళ మానేయకండి, డాక్టరుకి ఫోను చేయండి. విరోచనం తారులా నల్లగా అయితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మందుల షాపులో మనం తోచిన గ్యాస్ బిళ్ళ కొనుక్కునే అలవాటు కూడా మానాలి. ఒమెప్రజోల్ అనే రకం గ్యాస్ బిళ్ళ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుందని 2009లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరించింది. కడుపులో మంటకి వేరే రకాలున్నాయి, డాక్టరే రాసిస్తారు. నొప్పుల బిళ్ళలకీ ఇంతే. నాటువైద్యం పొట్లాలు కూడా డాక్టరుకి చూపించకుండా వాడకండి. ఎవరో ఒకరు తెచ్చి ఇస్తూనే ఉంటారు, మా ఇంట్లో ఇప్పటికి మూడు రకాలొచ్చాయి.

అన్నట్టు, సంక్రాంతి వెళ్ళాక మావారి దవడపన్ను కదిలి, సలపడం మొదలుపెట్టింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తోడుగా నేనే వెళ్ళి, కుర్చీలో కూర్చోకముందే కార్డు తీసి బల్లమీద పెట్టాను. ఆ పళ్ళ డాక్టరమ్మ అక్కడికక్కడే మా గుండె డాక్టరుగారికి ఫోను చేసి మాట్లాడింది. బిళ్ళలేమీ ఆపనక్కర్లేదు, ఉదయం పూట తీస్తాను, ఒక్క పన్నే తీస్తాను అంది. మర్నాడు తీసింది. చిన్న కుట్టు వేసి, దూది పెట్టి, అరగంట గట్టిగా కరిచిపట్టుకోమంది. ముప్పావుగంట పట్టింది రక్తం ఆగటానికి. ఇంటికొచ్చాక చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను. తిన్నాక ఆ పూట బిళ్ళ చేతిలో వేసి, మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను. ఆయన విసుక్కుంటూనే మింగారు.